ఏమీ ఇవ్వని ఆంటీ

“ఇద్దర్నీనా? ఇంకోసారి చెప్పండి, ఇద్దర్నీనా?”

సుడిగాలి ఫోన్లో అరిచిన అరుపుకి ఆఫీసులో తలలన్నీ పైకి లేచాయి. అవతల దర్జీ భార్య ఏం చెప్పిందో గానీ, ఈవిడ కుర్చీని కాలితో వెనక్కి తన్ని, ఒక చెప్పు బల్ల కిందే వదిలేసి, రెండో చెప్పుతో పెద్దసారు గదిలోకి పరిగెత్తింది. ఆమెను సుడిగాలి అని ఊరికే అనరు. వస్తే కాగితాలు ఎగురుతాయి, వెళ్తే తలుపులు కొట్టుకుంటాయి.

“సార్, ఒప్పుకున్నారు! అక్కాతమ్ముళ్ళని ఇద్దర్నీ తీసుకుంటారట. నిన్నటిదాకా ఒక్కరు చాలన్నవాళ్ళు సార్ వాళ్ళు!”

పెద్దసారు కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు. “ఇల్లు అలకగానే పండగ కాదమ్మా. శుక్రవారం కమిటీ ముందు ఆ పిల్ల నోరు విప్పి నాకిష్టమే అనాలి. అంతవరకూ అరవకండి” అన్నారు. అన్నారే గానీ ఆయనా నవ్వుతున్నారు. ఆ గదిలో మంచివార్త వినపడి చాలాకాలమైంది.

సొంత ఇళ్ళల్లో ఉండే వీలు లేని పిల్లలకి వేరే ఇళ్ళు వెతికిపెట్టి, అక్కడ వాళ్ళెలా ఉన్నారో చూసివచ్చే ఆఫీసు అది. సోషల్ వర్కర్ల కోసం వేసిన బల్లల్లో సగానికి పైగా ఖాళీ. సుడిగాలి ఎదురుబల్ల కొత్తమ్మాయిది. చేరి ఏడాదిన్నర కాకుండానే ఆఫీసులో రెండో సీనియర్ అయిపోయింది, ముందున్నవాళ్ళూ తర్వాత వచ్చినవాళ్ళూ అందరూ వెళ్ళిపోయారు కాబట్టి. అయినా పేరు మాత్రం కొత్తమ్మాయే. వీధి చివర బేకరీవాడు వీళ్ళు కనపడితే చాలు, “ఈసారి ఎవరండీ?” అంటూ కేకు మీద శుభాకాంక్షలు రాయడానికి సిద్ధమైపోతాడు.

వెళ్ళేవాళ్ళు వెళ్తారు గానీ వాళ్ళ ఫైళ్ళు వెళ్ళవు. తిలాపాపం తలా పిడికెడన్నట్టు మిగిలినవాళ్ళ బల్లల మీదికి చేరతాయి. కిందటి వారం మానేసిన ఆయన కట్ట సుడిగాలి బల్ల మీదే ఉంది, ఇంకా దారం విప్పలేదు. తా దూర కంత లేదు మెడకో డోలంటూ ఆమె దాన్ని రోజూ ఒక మూల నుంచి ఇంకో మూలకి జరుపుతుంది. ఇంకో పద్ధతి కూడా ఉంది ఆ ఆఫీసులో. మానేసేవాళ్ళు ఆ సంగతి పిల్లలకి చెప్పకూడదు. చెబితే పిల్లలు ఏడుస్తారు, అన్నం మానేస్తారు, హాస్టల్ నుంచి ఫోన్లొస్తాయి. కొత్తవాళ్ళు వెళ్ళి పరిచయం చేసుకుంటారులే అనేది పెద్దసారు మాట.

మానేసినవాళ్ళ మీద ఆయనకి మహా కోపం. “పడవ ఊగితే ముందు దూకేవి ఎలకలే” అంటారు ప్రతి వీడ్కోలు సభలోనూ, కేకు తింటూ.

సుడిగాలి తన చెప్పు వెతుక్కుంటుంటే కొత్తమ్మాయి బల్ల కింద నుంచి తీసి అందించింది. “అక్కా, శుక్రవారం గానీ దాటితే?”

“దాటదు.”

“దాటితే చెప్పు.”

“చిన్నోడికి వచ్చే వారం ఆరేళ్ళు నిండుతాయి. నిండితే వాణ్ణి పక్క ఊరి మగపిల్లల హాస్టల్‌కి పంపేస్తారు. అక్కడికి వెళ్ళినవాణ్ణి వెనక్కి తేవడం నా తాతతరం కాదు. అందుకే దాటదు” అని చెప్పు తొడుక్కుంది సుడిగాలి.

*

మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని ఇద్దరూ దర్జీ ఇంట్లో దిగారు. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు, వెనక చిన్న గది, ఆ గదికి వీధివైపు కిటికీ. సుడిగాలి కొలిచి చెబుతుంటే కొత్తమ్మాయి రాసుకుంటోంది. రెండు మంచాలకి చోటుండాలి. కిటికీ ఊచల మధ్య పిల్లవాడి తల పట్టకూడదు. స్నానాలగది గడియ పిల్లల చేతికి అందాలి, లోపల చిక్కుకుంటే బయటినుంచి తీయడానికీ వీలుండాలి. పొయ్యి ఎంత ఎత్తులో ఉంది, మందుల అర ఎంత ఎత్తులో ఉంది, అన్నీ చూడాలి. చివరికి సుడిగాలి నేల మీద బోర్లా పడుకుని మంచం కిందికి తొంగిచూసింది. ఇల్లు చూడటమంటే పిల్లవాడి కంటి ఎత్తులోంచి చూడటమని ఆమె నమ్మకం.

“కత్తెర్లు?” అంది పడుకునే.

“పై అరలో పెట్టి తాళం వేస్తాం మేడమ్.”

“మరి సూదులు? గుండుసూదులు? మిషన్ కింద రాలుతుంటాయి కదా.”

దర్జీ భార్య తలుపు వెనక నుంచి ఒక కర్ర తెచ్చింది. కర్ర చివర గుడ్డతో కట్టిన అయస్కాంతం ఉంది. మిషన్ల కింద ఒకసారి ఇటూ ఒకసారి అటూ లాగి, తిప్పి చూపించింది. రెండు గుండుసూదులు, ఒక విరిగిన సూదిముక్క దానికి అంటుకుని ఉన్నాయి.

“ఇదివరకు రోజూ సాయంత్రం లాగేదాన్ని. నిన్నటినుంచి పొద్దున కూడా లాగుతున్నా. బుడ్డోడు ఉత్తికాళ్ళతో తిరుగుతాడు కదా.”

బుడ్డోడు ఇంకా ఆ ఇంటి గడప తొక్కలేదు. వాడి కాళ్ళ కోసం అప్పుడే సూదులు ఏరేస్తోంది. సుడిగాలి లేచి బట్టలు దులుపుకుంటూ, “ఒక్కరు చాలన్నారు కదండీ మొదట్లో, మరి ఏం జరిగింది?” అని అడిగింది.

మిషన్ మీద వంగి ఉన్న దర్జీ తల ఎత్తకుండానే జవాబు చెప్పాడు. “ఒక్క చెప్పు ఎవరైనా కొంటారా అండీ?”

కొత్తమ్మాయి సుడిగాలి కాళ్ళవైపు చూసి కిసుక్కున నవ్వింది.

అక్కడినుంచి నేరుగా చిన్నపిల్లల హోమ్‌కి వెళ్ళారు. అక్కడ తమ్ముడున్నాడు. మూతి ఎప్పుడూ ముందుకే ఉంటుంది గనక వాణ్ణి అందరూ బుంగ అంటారు. కబురు వినగానే ఆ మూతి చెవులదాకా సాగింది.

“అక్క కూడానా?”

“అక్క కూడా.”

“ఒకే ఇంట్లోనా? రాత్రి కూడానా?”

“రాత్రి కూడా రా నాన్నా. ఒకే గదిలో.”

వాడు మంచం ఎక్కి గెంతాడు. కొత్తమ్మాయి పట్టుకోబోతే ఆమె చేయి కూడా పట్టుకుని గెంతాడు. “ఏమీ ఇవ్వని ఆంటీ వచ్చింది! ఏమీ ఇవ్వని ఆంటీ ఇల్లు చూసింది!” అని అరుస్తూ.

సుడిగాలి ముఖంలో నవ్వు ఆగిపోయింది. “ఎవర్రా ఆ ఆంటీ?”

“నువ్వే. అక్క నిన్ను అలాగే అంటుంది.”

బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ కొత్తమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వుతూనే ఉంది. “ఆఫీసంతా పిల్లికి కూడా బిచ్చం పెట్టవంటే ఏమో అనుకున్నాను. పిల్లలదాకా పాకిందన్నమాట నీ కీర్తి!”

“ఊరుకోవే. నేనెంత చేశానే దానికి!” సుడిగాలికి నిజంగానే చురుక్కుమంది. ఆ పిల్లని చూడటానికి నెలకోసారి వెళ్ళాల్సిన చోట వారానికోసారి వెళ్ళింది. తమ్ముడి దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆఖరికి ఏమీ ఇవ్వని ఆంటీ!

అదే బస్సులో ఫోన్ మోగింది. సుడిగాలి నంబరు చూసి కిటికీవైపు తిరిగి, చేత్తో నోరు కప్పుకుని మాట్లాడింది. ఒక పెద్ద కంపెనీ. బడులకి పుస్తకాలు పంచే విభాగం. కడుపులో చల్ల కదలని ఉద్యోగం. సాయంత్రం చీకటి పడకుండా ఇల్లు, ఆదివారం ఆదివారమే. తీసుకుంటున్నామనీ, సోమవారం చేరాలనీ, శుక్రవారం సాయంత్రంలోగా మాట చెప్పాలనీ అన్నారు. ఫోన్ పెట్టేసేసరికి ఆమె చెవులు ఎర్రబడ్డాయి. రెండు మంచివార్తలు ఒకే వారంలో! గాల్లో తేలిపోతున్నట్టుంది.

“ఎవరక్కా?” అంది కొత్తమ్మాయి.

“ఎవరో. రాంగ్ నంబర్.”

*

“సోమవారమా! నిజంగానా!” లెక్కల మాస్టారైన మొగుడు ఆ సాయంత్రం దిద్దుతున్న పేపర్లు పక్కన పడేసి లేచాడు. కూతుర్ని ఎత్తి గిరగిరా తిప్పాడు. అంతలో ఎక్కడినుంచో సన్నగా ఫోన్ మోత. సుడిగాలి బల్ల మీద చూసింది, సంచిలో చూసింది. మోత మాసిన బట్టల బుట్టలోంచి వస్తోంది.

“నేనే దాచాను” అంది కూతురు నాన్న భుజం మీద నుంచే. “నువ్వు అన్నం తినేదాకా ఇవ్వను.”

ఎవరో పెంపుడు తండ్రి, పిల్లవాడికి జ్వరమని. ఆమె బుట్ట పక్కనే నేల మీద చతికిలబడి అరగంట మాట్లాడింది. వచ్చేసరికి కంచంలో అన్నం గట్టిపడింది. “ఇంక కొన్నాళ్ళేగా” అన్నాడు మొగుడు, ఆ కంచం తనవైపు లాక్కుని వేడి అన్నం వడ్డిస్తూ. ఆ మాట ఎంత హాయిగా ఉందంటే, ఆమె రెండు ముద్దలు ఎక్కువే తింది.

బుధవారం ఆఫీసు అవగానే బజారుకి వెళ్ళింది. దర్జీ ఇల్లు దొరికిన సంతోషంలో పిల్లకి ఏదైనా కొందామని, అంతకన్నా ఏం లేదని తనకి తనే చెప్పుకుంది. రేకు పెట్టెలో రంగు పెన్సిళ్ళు, ఇంద్రధనుస్సులో లేని రంగులు కూడా ఉన్నాయి అందులో. మెరిసే కాగితం చుట్టించింది. రిబ్బన్ కూడా కట్టమంది. ఇప్పుడనమను చూద్దాం, ఏమీ ఇవ్వని ఆంటీ అని!

*

గురువారం సాయంత్రం ఆడపిల్లల హాస్టల్ మెట్ల మీద పిల్ల కాచుకుని కూచుంది. తొమ్మిదేళ్ళది, మనిషి పిడికెడు, మాట ఘాటు. వార్డెనమ్మ దాన్ని మిరపగింజ అంటుంది. సుడిగాలి గేటు తీసిందో లేదో దూకి వచ్చింది.

“ఇవాళ కూడా తల దువ్వుకోలేదా నువ్వు?”

“బస్సులో గాలే!”

“కిటికీ ఉందా ఆ గదికి? బుంగ మంచం నా మంచానికి ఆనుకునే వేస్తారా? వాడు నిద్రలో దొర్లుతాడు, గోడవైపు వాడిది వెయ్యాలి. వాళ్ళు కొడతారా?”

“సూదులు ఏరుతున్నారే తల్లీ వాడి కాళ్ళకి గుచ్చుకుంటాయని. అలాంటివాళ్ళు కొడతారా?”

అయస్కాంతం కథ రెండుసార్లు చెప్పించుకుంది పిల్ల. రెండోసారి తనే కర్ర పట్టుకున్నట్టు వరండా అంతా లాగుతూ నడిచింది. ఇద్దరూ పకపకా నవ్వుకున్నారు. రేపు కమిటీవాళ్ళు ఏమడుగుతారో, ఏం చెప్పాలో సుడిగాలి చెప్పింది. “ఇష్టమేనా అంటారు. ఇష్టమే అంటావు. అంతే. గట్టిగా అనాలి, గొణగకూడదు.”

“ఇష్టమే!” అని పిల్ల అరిచిన అరుపుకి వంటగదిలోంచి ఎవరో తొంగిచూశారు.

అప్పుడు, సరిగ్గా అప్పుడు సుడిగాలి సంచిలోంచి మెరుపు కాగితం పొట్లం తీసి పిల్ల ఒళ్ళో పెట్టింది.

పిల్ల దాన్ని చూసింది. సుడిగాలి ముఖం చూసింది. నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. లేచి నిలబడి, పొట్లం రెండు చేతులతో పట్టుకుని, “థాంక్యూ ఆంటీ. మీరు చాలా మంచివారు” అంది.

మీరు! ఏడాదిగా నువ్వు తప్ప ఇంకో మాట లేదు ఆ నోట్లో.

“విప్పి చూడవే.”

“తర్వాత చూస్తానండీ. హోంవర్క్ ఉంది.” లోపలికి నడిచి వెళ్ళిపోయింది. పరిగెత్తకుండా వెళ్ళింది.

వార్డెనమ్మ వంటగది గుమ్మంలోంచి అంతా చూసినట్టుంది, తడి చేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చింది. “మీరు కూడానా అమ్మా?” అంది. కోపం లేదు గొంతులో, అలసట ఉంది.

“నేను కూడా ఏంటండీ?”

వార్డెనమ్మ ఆమెను పిల్లలు పడుకునే హాలులోకి తీసుకెళ్ళింది. పిల్ల మంచం పైన గోడకి చిన్న అర. అరలో వరసగా ప్లాస్టిక్ కవరు తీయని బొమ్మ, ముల్లు కదలని చేతిగడియారం, చీటీ చింపని గొడుగు. ఆ వరస చివర ఇప్పుడే పెట్టిన మెరుపు కాగితం పొట్లం.

“బొమ్మావిడ, గడియారమాయన, గొడుగావిడ. మీకన్నా ముందొచ్చినవాళ్ళు” అంది వార్డెనమ్మ. “ఒక్కొక్కరూ ఒకటిచ్చి వెళ్ళారు. ఇచ్చాక మళ్ళీ రాలేదు. చెప్పకూడదంట కదా మీకు, చెప్పలేక ఇచ్చేవాళ్ళు. వాన కురిసినా ఆ గొడుగు విప్పదమ్మా ఇది, తడిసి వస్తుంది. గొడుగావిడ వెళ్ళాక కొన్నాళ్ళు మీ ఆఫీసు నుంచి ఎవరూ లేరు. తర్వాత వచ్చినాయనకి వీళ్ళిద్దరూ తోడబుట్టినవాళ్ళనే తెలీదు. చిన్నోడికి ఆ చిన్నపిల్లల హోమ్‌లో మంచం ఖాళీ ఉందని పట్టుకుపోయాడు. ఇది బడి నుంచి వచ్చేసరికి తమ్ముడు లేడు.”

సుడిగాలి మంచం అంచు మీద కూచుంది.

“మీరొచ్చి ఏడాదైనా చాక్లెట్ ముక్క కూడా తేలేదు. అందరికీ గొప్పగా చెప్పుకునేది, మా ఆంటీ ఏమీ ఇవ్వదు, ఏమీ ఇవ్వదు అని.”

కొత్త ఉద్యోగం గురించి మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు సుడిగాలి. ఎదురుబల్ల మనిషికి కూడా చెప్పలేదు. తొమ్మిదేళ్ళ పిల్ల ఒక రిబ్బన్ ముడి చూసి కనిపెట్టేసింది. నేను వెళ్ళడం లేదు అని ఒక్క మాట అనేస్తే అయిపోతుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. అబద్ధం కాబట్టి రాలేదు.

*

కమిటీ గదిలో పొడుగు బల్ల, బల్లకి అవతల ముగ్గురు పెద్దలు. ఇవతల దర్జీ దంపతులు ఇస్త్రీ బట్టల్లో బిర్రబిగుసుకుని కూచున్నారు. బుంగ దర్జీ భార్య కొంగు చివర పట్టుకుని అప్పుడే ఆవిడతో ఏదో మంతనాలు ఆడుతున్నాడు. పిల్ల తన సామానంతా సర్దుకున్న సంచి ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఒప్పుకుంటే ఇటునుంచి ఇటే కొత్త ఇంటికి వెళ్ళిపోవాలి.

కమిటీ పెద్దావిడ ముందుకి వంగింది. “ఏమ్మా, వీళ్ళింట్లో ఉండటం నీకు ఇష్టమేనా?”

పిల్ల మాట్లాడలేదు.

“భయం లేదు తల్లీ. ఇష్టం లేకపోతే లేదనొచ్చు.”

అదీ అనలేదు. పెదాలు లోపలికి లాక్కుని నేల చూస్తూ కూచుంది. దర్జీ భార్య ముఖం పాలిపోయింది. “అక్కా, చెప్పు! ఇష్టమని చెప్పూ!” అని బుంగ లేచి కాళ్ళు నేలకేసి కొట్టాడు. అయినా ఉలుకూ పలుకూ లేదు.

పెద్దావిడ కలం మూత పెట్టింది. “సరే, వచ్చే నెల చూద్దాం.”

“మేడమ్!” సుడిగాలి గొంతు ఆమెకే పెద్దగా వినిపించింది. “ఒక్క ఐదు నిమిషాలు. బయటికి తీసుకెళ్ళి మాట్లాడతా. వచ్చే నెలకి తమ్ముడు ఈ ఊళ్ళో ఉండడు మేడమ్.”

పెద్దావిడ గోడ గడియారం చూసి, తల ఊపింది.

వరండా చివర మంచినీళ్ళ కుళాయి పక్కన మెట్ల మీద కూచున్నారు ఇద్దరూ. పిల్ల సంచి వదలలేదు.

“నిన్న అంత గట్టిగా అన్నావు కదే. దర్జీవాళ్ళు నచ్చలేదా?”

తల అడ్డంగా ఊపింది.

“నచ్చారా?”

నిలువుగా ఊపింది.

“మరి?”

పిల్ల కుళాయి చుక్కల్ని చూస్తూ అంది. “నేను ఊ అంటే మీ పని అయిపోతుంది. అయిపోతే మీరు వెళ్ళిపోతారు. మళ్ళీ ఎవరో వస్తారు. వాళ్ళకేం తెలుసు? బుంగని మళ్ళీ పట్టుకుపోతారు. నేను ఏమీ అనకపోతే మీ పని అవదు కదా.”

అంత మూటని ఆ పిల్ల రాత్రంతా ఒక్కతే మోసింది. సుడిగాలికి ఏడుపు వచ్చింది, దానికన్నా ముందు కోపం వచ్చింది. పిల్ల మీద కాదు. తన మీద కూడా పూర్తిగా కాదు. చెప్పకుండా వెళ్ళడం మర్యాద అనుకున్న ఆ పద్ధతి మీద అరికాలి మంట నెత్తికెక్కింది.

“విను” అంది. “నిజమే. వేరే ఉద్యోగం వచ్చింది నాకు. వెళ్దామనే అనుకున్నాను. అలిసిపోయానే. ఇంటికెళ్తే అన్నం తిననివ్వరు. మా పిల్ల నా ఫోన్ మాసిన బట్టల్లో దాస్తుంది, తెలుసా?”

పిల్ల మొదటిసారి తల తిప్పి చూసింది. “దొరికిందా?”

“మోగితే దొరకదా?”

“సైలెంట్లో పెట్టి దాచాల్సింది” అంది పిల్ల గంభీరంగా.

సుడిగాలికి ఏడుపులోంచే నవ్వొచ్చింది. చెయ్యి చాపింది. “ఆ పొట్లం తెచ్చావా? ఇచ్చెయ్.”

“ఏంటి?”

“నా పెన్సిళ్ళు నాకిచ్చెయ్. నువ్వు విప్పలేదుగా.”

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. సంచి జిప్పు లాగి, బట్టల అడుగు నుంచి పొట్లం తీసింది. కాసేపు ఇద్దరి చేతుల్లోనూ ఉంది అది. తర్వాత వదిలేసింది. సుడిగాలి తన సంచిలో కుక్కుకుంది, రిబ్బన్ నలిగినా లెక్కచేయలేదు.

“మీరు ఆ ఇంటికెళ్ళాక ఆరు నెలలు నెలనెలా ఒకరు వచ్చి చూడాలి. అది రూలు. ఆ ఆరు నెలలూ నేనే వస్తా. ఎల్లకాలం ఉంటానని చెప్పను, అబద్ధం అవుతుంది. వెళ్ళే రోజు వస్తే ముందు నీకే చెప్తా. కొత్తగా వచ్చేవాళ్ళని నేనే తీసుకొచ్చి, వీళ్ళిద్దరూ అక్కాతమ్ముళ్ళు, విడదీస్తే ఊరుకోనని చెప్పి అప్పగిస్తా. ఏమీ ఇవ్వను.”

“చాక్లెట్ కూడా?”

“చాక్లెట్ ముక్క కూడా ఇవ్వను.”

పిల్ల ముక్కు ఎగబీల్చింది. తర్వాత లేచి సుడిగాలి నుదుటి మీద పడ్డ జుట్టు చెవి వెనక్కి తోసి, “పద. ఇలాగే వస్తావా లోపలికి, తల దువ్వుకోకుండా?” అంది.

లోపల కమిటీ పెద్దావిడ ప్రశ్న పూర్తి చేయకముందే “ఇష్టమే!” అని గది అదిరేలా వినిపించింది. దర్జీ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. బుంగ ఒక చేత్తో అక్కని, ఇంకో చేత్తో దర్జీ భార్య కొంగునీ పట్టుకుని, “సూదులు నేనే లాగుతా, కర్ర నాదే” అని ముందే ఖరారు చేసుకున్నాడు. కమిటీ పెద్దావిడ సంతకం పెడుతూ, పిల్లవాడు అనేది ఏంటని పక్కాయన్ని అడిగింది. ఆయనకీ తెలీలేదు.

*

ఆఫీసుకి నడుస్తూ మొగుడికి ఫోన్ చేసింది సుడిగాలి. పిల్లకి ఇచ్చిన మాట చెప్పింది.

“కంపెనీవాళ్ళు ఆరు నెలలు ఆగుతారా?”

“ఆగరు. చెప్పేశాను ఇప్పుడే.”

ఆ ఒక్క మాటతో అతని ఆశ ఎంత ఒలికిపోయిందో ఆమెకి తెలుసు. “ఆదివారాలు ఫోన్ ఆఫ్ చేస్తాను. ఆ కొత్త కట్ట కూడా తీసుకోను. ఇవాళే చెప్తాను పెద్దసారుకి” అంది.

“ముందు చెప్పు, తర్వాత చూద్దాం” అన్నాడు మాస్టారు. తర్వాత, “పిల్ల గట్టిగా అందా?” అని అడిగాడు.

“అబ్బో!”

మెట్లన్నీ ఎగబాకి, ఊపిరి తీసుకోకుండా తన బల్ల దగ్గరికి వచ్చింది. దారం విప్పని ఫైళ్ళ కట్ట అలాగే ఉంది. దాని మీద బంగారు కాగితం చుట్టిన డబ్బా ఒకటి ఉంది. రిబ్బన్ కట్టి ఉంది.

“మీకేనమ్మా” అన్నారు పెద్దసారు తన గది గుమ్మంలోంచి, చేతులు వెనక్కి కట్టుకుని. “కమిటీ నుంచి ఫోన్ వచ్చింది. శభాష్! ఏదో చిన్న గుర్తు, నా తరఫున. మీలాంటివాళ్ళు ఉండబట్టే ఈ ఆఫీసు నిలబడింది.”

ఇన్నేళ్ళలో ఆ మనిషి ఎవరికీ పెన్ను కూడా కొనివ్వలేదు. సుడిగాలి ఆయన భుజం మీదుగా గదిలోకి చూసింది. మనవరాలి ఫొటో ఉండే చోట బల్ల ఖాళీగా ఉంది. గోడ క్యాలెండర్ తీసేశారు, మేకు ఉంది.

“ఎప్పుడు సార్?”

“ఎప్పుడేంటి?”

“వెళ్ళేది.”

కొత్తమ్మాయి రాస్తున్న చెయ్యి ఆగింది. పెద్దసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “ఎవరు చెప్పారు మీకు? నేను ఇంట్లో తప్ప…”

“ఇదే చెప్పింది” అని డబ్బా చూపించింది సుడిగాలి.

ఆయన వచ్చి ఖాళీ బల్లల్లో ఒకదాని ముందు కూచున్నారు. ఒక్కసారిగా వయసు తెలిసింది. “బీపీ అమ్మా. రాత్రిళ్ళు నిద్ర లేదు. పొద్దున ఫోన్ మోగితే చెమటలు పడుతున్నాయి. డాక్టరు మానేయమన్నాడు. ఎలకలు, పడవ అని అన్ని మాటలు అన్నవాణ్ణి, ఏ ముఖం పెట్టుకుని చెప్పను?”

సుడిగాలికి జాలేసింది. అయినా మెట్లెక్కిన ఊపు ఇంకా తగ్గలేదు. “ఈ ముఖంతోనే చెప్పండి సార్. ఇప్పుడే, అందరికీ. ఇంకో మాట. మీరు ఇన్నాళ్ళూ పైవాళ్ళకి భయపడి ఖాళీల గురించి గట్టిగా అడగలేదు. ఉన్నవాళ్ళ మీదే పంచారు. వెళ్ళేవాడికి ఇంకా భయమేంటి సార్?”

పెద్దసారు ఆమెవైపు చూశారు. మెల్లగా ముఖంలో ఏదో వెలిగింది, అల్లరి పిల్లవాడి ముఖంలో వెలిగినట్టు. లేచి వచ్చి, ఆమె బల్ల మీది ఫైళ్ళ కట్టని రెండు చేతులతో ఎత్తుకున్నారు. “ఇవి నా గదిలోనే ఉంటాయి. మనిషిని పంపిస్తే తీసుకెళ్ళమంటాను. లేకపోతే ఈ పిల్లల్ని చూసేవాళ్ళు ఎవరూ లేరని ఇప్పుడే చెప్తాను, పైవాళ్ళ పెద్దకే చెప్తాను. ఏం చేస్తాడు, ఉద్యోగం తీసేస్తాడా?” అని పెద్దగా నవ్వి, కొత్తమ్మాయివైపు తిరిగారు. “ఆ నంబరు కలపమ్మా.”

కొత్తమ్మాయి అప్పటికే ఫోన్ ఎత్తింది.

కట్ట మోసుకుంటూ ఆయన గుమ్మం దాటుతుంటే వెనక నుంచి సుడిగాలి పిలిచింది.

“సార్, మీ డబ్బా.”

ఆయన వెనక్కి వచ్చారు. చేతులు ఖాళీ లేవు. ఆమె దాన్ని ఫైళ్ళ కట్ట మీద పెట్టింది. జారిపోకుండా గడ్డంతో అదిమి పట్టుకుని, ఆయన లోపలికి పట్టుకెళ్ళారు.